రాత్రి 8:53కి మా వెబ్‌సైటులో ఏం జరిగింది?

సంపాదకుల వారికి,

అయ్యా, మీ పత్రికకు ఉత్తరం రాయడం నాకిది మూడోసారి. మొదటిది మా వీధి దీపాల గురించి, రెండోది హుద్‌హుద్ తుపాను తర్వాత నెల దాకా ఎవరూ తియ్యని చెట్ల కొమ్మల గురించి. ఆ రెండూ నాలుగేసి వాక్యాలు. ఇది మా సంఘం వెబ్‌సైటుకి వచ్చిన హెచ్చరికల గురించి, కాస్త పొడుగు. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే నా సొంత సోది కత్తిరించండి గానీ, ఇందులో ఒక కుర్రాడి సంగతి వస్తుంది, అది మాత్రం ఉంచండి. ఉత్తరం మొదలుపెట్టింది అతని కోసమే.

నేను 29 ఏళ్ళు పోర్టు పనులు చూసే ఒక క్లియరింగ్ ఏజెన్సీలో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. మొదట్లో ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టేవాణ్ణి. 2003లో మన పోర్టులో కంటైనర్ టెర్మినల్ మొదలయ్యాక పెట్టెల సీలు నంబర్లు రాసుకోవడం నా పని అయింది. ఇప్పుడు అక్కయ్యపాలెంలో ఉంటూ మా పెద్దల సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. సంఘానికి వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసి నడిపే ప్రోగ్రాము) మీద కట్టిన చిన్న వెబ్‌సైటు ఉంది. కంటి పరీక్షల క్యాంపు ఎప్పుడు, వైకుంఠ రథం కావాలంటే ఎవరికి ఫోన్ చెయ్యాలి, నవంబరులో పింఛనుదార్లు జీవన ప్రమాణ పత్రం ఎక్కడ ఇవ్వాలి, ఇలాంటివే అందులో ఉంటాయి. మీకు చిన్న విషయంలా కనిపించొచ్చు. మోకాళ్ళ నొప్పులతో మూడో అంతస్తులో కూర్చున్న మనిషికి ఆ పేజీ తెరుచుకోవడం చిన్న విషయం కాదు.

ఆ సైటు పెట్టించింది మా పాత కార్యదర్శి గారు. బ్యాంకులో చేసిన మనిషి, ఇలాంటి వాటి మీద ఎంతో ముచ్చట. పోయిన ఎండాకాలం కాలం చేశారు. ఆయన డైరీ చివరి పేజీలో రాసిపెట్టిన పాస్‌వర్డుతో నేను బాధ్యత తీసుకున్నాను. తాళంచెవి నా చేతికొచ్చింది గానీ ఇంటికి ఎన్ని తలుపులున్నాయో నాకు తెలీదు. ఫైళ్ళు ఏవైనా మారితే నా ఈమెయిలుకి కబురు వచ్చేలా ఒక సెక్యూరిటీ ప్లగిన్ (ప్లగిన్ అంటే సైటుకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) మాత్రం పెట్టించుకున్నాను, నాకు తోచిన జాగ్రత్త అదొక్కటే.

నవంబరులో ఒక పొద్దున్నే ఆ ప్లగిన్ దగ్గర్నుంచి మెయిలు. మీ సైటులో అనుకోని మార్పులు జరిగాయి, మారిన ఫైళ్ళు 212, కొత్తగా చేరినవి 14, తీసేసినవి 9, అంటూ కింద ఎర్ర అక్షరాలతో పొడుగాటి జాబితా. "తీసేసినవి 9" దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. పెట్టెలోంచి 9 బస్తాలు పోయాయంటే టాలీ క్లర్కుకి ఎలా ఉంటుందో అలా ఉంది. కాఫీ చల్లారిపోయింది. జాబితా చదవలేదు. సైటు కట్టినవాళ్ళకి ఫోన్ చేశాను.

వాళ్ళది ద్వారకానగర్‌లో చిన్న ఆఫీసు. పేరు రాయను. మెయిలు పంపిన పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "సార్, సైట్ హ్యాక్ అయింది. క్లీనింగ్‌కి 18 వేలవుతుంది. లేట్ చేస్తే గూగుల్‌లో బ్లాక్ అయిపోతుంది." అక్కడితో ఆగితే బాగుండేది. ఇంకో మాట అన్నాడు. "టైమ్ 20:53 అని ఉంది చూడండి. నిన్న రాత్రి 8:53కి ఎవరో లోపలున్నారు. మీవాళ్ళే ఎవరైనా ఏమో కనుక్కోండి."

నిన్న రాత్రి ఆ వేళకి లోపలున్నది మా దగ్గర పార్ట్‌టైమ్ చేసే కుర్రాడు. కంచరపాలెం నుంచి సైకిలు మీద వస్తాడు, డిగ్రీ రెండో ఏడు. సాయంత్రాలు మా నోటీసులు తెలుగులో టైపు చేసి సైటులో పెడతాడు. ఆ రాత్రి జీవన ప్రమాణ పత్రాల క్యాంపు నోటీసు పెట్టి తొమ్మిదికి వెళ్ళాడు. రిజిస్టరులో సంతకం కూడా ఉంది.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. ఎవరూ అతన్ని దొంగ అనలేదు. అలా అని ఉంటే కనీసం కాదని చెప్పుకునేవాడేమో. "ఈ వయసు పిల్లలకి డబ్బు అవసరాలు ఉంటాయి కదా" అన్నారు ఒకరు. "పాస్‌వర్డు ఎవరికైనా చెప్పావేమో గుర్తు చేసుకో బాబూ" అన్నారు ఇంకొకరు. నేను నోరు విప్పలేదు. కుర్రాడు జేబులోంచి ఆఫీసు తాళం తీసి బల్ల మీద పెట్టి, "వెళ్ళొస్తానండి" అని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మా అక్క కూతురు మధురవాడలో ఉంటుంది, రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం భోజనానికొచ్చినప్పుడు ఈ గొడవంతా చెప్పాను, 18 వేలకి సభ్యుల దగ్గర చందా ఎలా వసూలు చెయ్యాలా అన్న బెంగతో సహా. వంజరం పులుసు కలుపుకుంటూ ఎడంచేత్తో నా ఫోన్‌లో మెయిలు పైకీ కిందికీ జరిపింది. "మామయ్యా, ఈ లిస్టు మీలో ఎవరైనా చివరి దాకా చదివారా?"

ఎవరూ చదవలేదు. నేను చదవలేదు, 18 వేలు అడిగినాయన చదవలేదు, కమిటీలో పదకొండు మందిమీ చదవలేదు. లెక్కల మనిషినని చెప్పుకునే నాకు అంతకన్నా సిగ్గు లేదు.

చేయి కడుక్కొచ్చి కూర్చుని చదివించింది. 235 వరసలు. వాటిలో 232 ఒకే ఫోల్డరు పేరుతో మొదలవుతున్నాయి. అది మా సైటులో 'మమ్మల్ని సంప్రదించండి' అనే ఫారం నడిపే ప్లగిన్ ఫోల్డరు. మిగతా మూడూ లాంగ్వేజెస్ అనే ఫోల్డరులో ఉన్న తెలుగు అనువాదాల ఫైళ్ళు. ఆ ప్లగిన్ తయారుచేసినవాళ్ళు అంతకు ముందురోజే కొత్త వెర్షన్ విడుదల చేశారని వాళ్ళ పేజీలోనే ఉంది. మా సైటులో ఉన్నది అదే వెర్షన్ నంబరు. అంటే పాత ప్లగిన్ తీసి కొత్తది పెట్టారు. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో అక్కర్లేని ఫైళ్ళు 9 పోయాయి, కొత్తగా కావలసినవి 14 వచ్చాయి.

"మరి 8:53?" అన్నాను. నాకు అసలు గుచ్చుకున్న ముల్లు అదే.

"సర్వర్ గడియారం మనది కాదు మామయ్యా" అంది. ఆ మెయిల్లో వేసిన టైము యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా వాడే టైము, ప్రకారం. మన టైము రావాలంటే దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. 20:53కి కలిపితే తెల్లవారుజామున 2:23. ఆ వేళకి మా వీధిలో మెలకువగా ఉండేవి కుక్కలు మాత్రమే. ఓడల రాకపోకలు జీఎంటీలో, అంటే ఇంచుమించు అదే టైములో, రాసిన కాగితాలు నా చేతుల మీదుగా వందలు వెళ్ళాయి. అయినా నాకు తట్టలేదు. తెలిసినవాడు చెప్పాడు కదా అని నమ్మేశాను.

2:23కి ఆ పని చేసింది ఎవరూ కాదు, వర్డ్‌ప్రెస్సే. చిన్న చిన్న భద్రతా సవరణలు తనంతట తనే వేసుకునే ఏర్పాటు అందులో 2013 అక్టోబరులో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి ఉందట. ప్లగిన్లకి కూడా ఒక్కొక్కదాని పక్కన నొక్కితే చాలు, ఇకమీదట అదే అప్‌డేట్ అయ్యే వీలు 2020 ఆగస్టులో వచ్చిన 5.5తో వచ్చింది. మా పాత కార్యదర్శి గారు అది నొక్కి పెట్టి ఉంచారు. మంచి పనే చేశారు. కొత్త సరుకు వచ్చిందా అని అది రోజుకి రెండుసార్లు చూస్తుంది. అదీ ఎవరో ఒకరు సైటు తెరిచినప్పుడే కదులుతుంది. మనిషే అక్కర్లేదు, అర్ధరాత్రి తిరిగే సెర్చ్ ఇంజన్ల బాట్లు (వాటంతటవే సైట్లు చూసుకుంటూ పోయే ప్రోగ్రాములు) తలుపు తట్టినా చాలు.

అప్‌డేట్ అయ్యాక కబురు చెయ్యదా మరి? చేస్తుంది. సైటులో అడ్మిన్ ఈమెయిలుగా ఏ చిరునామా ఉంటే దానికి చేస్తుంది. మా సైటులో ఉన్న చిరునామా ఆయనదే.

ఆ సాయంత్రం ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళాం. ఆయన శ్రీమతి గారు లోపల్నుంచి ఆ ఫోన్ తెచ్చి ఇచ్చారు. మెయిల్ తెరిస్తే వరసగా ఉన్నాయి, ఒక్కటీ చదవనివి. మీ సైటులో ఫలానా ప్లగిన్ ఈ వెర్షన్ నుంచి ఈ వెర్షన్‌కి దానంతటదే అప్‌డేట్ అయింది అని. నవంబరు నాటిదీ అందులో ఉంది. పని చేశామన్న కబురేమో ఇప్పుడు మన మధ్య లేని మనిషికి వెళ్ళింది, పని జరిగిందన్న అనుమానం నాకు వచ్చింది. మధ్యలో కుర్రాడు నలిగిపోయాడు.

ఇది నాకు పోర్టు భాషలో అయితే వెంటనే అర్థమై ఉండేది. కంటైనరు తలుపుకి ఉక్కు సీలు వేస్తారు, దాని మీద నంబరు ఉంటుంది. కాగితాల్లో ఉన్న నంబరూ సీలు మీద నంబరూ ఒకటేనా అని చూడటం టాలీ క్లర్కు పని. ఒక్కోసారి కలవవు. కస్టమ్స్ వాళ్ళు పరీక్ష కోసం సీలు కోసి, సరుకు చూసి, కొత్త సీలు వేసి ఆ నంబరు కాగితం మీద ఎక్కిస్తారు. ఆ కాగితం మీ చేతికి రాకపోతే మీకు కనిపించేది నంబరు మారిన పెట్టె ఒక్కటే. కొత్తగా చేరిన ఒక కుర్ర క్లర్కు నైట్ షిఫ్టులో ఒకేసారి పదకొండు పెట్టెల నంబర్లు తేడాగా ఉన్నాయని కేకలు పెట్టి సూపర్‌వైజర్ని నిద్ర లేపాడు. పదకొండూ ఒకే పార్టీవి, ఒకే వరసలో ఉన్నాయి, పొద్దున కస్టమ్స్ చూసినవే. ఆ రోజు వాణ్ణి చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈ ప్లగిన్లు కూడా ప్రతి ఫైలుకీ ఇలాంటి సీలు నంబరే కడతాయి. ఫైల్లో ఉన్న అక్షరాలన్నిటినీ ఒక లెక్కలో వేసి హ్యాష్ అనే గుర్తు తీస్తాయి. ఎండీ5 అనే పద్ధతిలో అయితే అది 32 అక్షరాల గుర్తు. ఫైల్లో ఒక్క కామా మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. మా కాటా కన్నా ఇది నయం. కాటా మీద ఒకే బరువున్న రెండు లారీల్లో ఒకదాంట్లో ఖనిజం, ఇంకోదాంట్లో ఇసుక ఉన్నా తూకానికి తెలీదు. ఈ ఆలోచన కొత్తదేం కాదట. 1992లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జీన్ కిమ్, యూజీన్ స్పాఫర్డ్ అనే ఇద్దరు ట్రిప్‌వైర్ అని ఇలాంటి ప్రోగ్రామే రాశారని మా మేనకోడలు చెప్పింది.

అయితే ఇందులో రెండు రకాలున్నాయి, ఈ తేడా తెలియకే సగం టెన్షన్. ఒక రకం ప్లగిన్ నిన్న తను రాసుకున్న గుర్తులతో ఇవాళ్టి గుర్తుల్ని పోలుస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వస్తే చాలు, మెయిలు కొడుతుంది. ఆ తేడా మంచిదా చెడ్డదా దానికి తెలీదు, అడక్కూడదు కూడా. మాది ఆ రకం. రెండో రకం, వర్డ్‌ఫెన్స్ లాంటివి, మీ సైటులో ఉన్న ఫైలుని వర్డ్‌ప్రెస్ వాళ్ళ దగ్గర ఉన్న అసలు ప్రతితో పోలుస్తాయి. మీరు మామూలుగా అప్‌డేట్ చేసుకుంటే అవి మాట్లాడవు, అసలుకి తేడా ఉంటేనే మాట్లాడతాయి. డబ్బు పెట్టి కొనుక్కున్న ప్లగిన్లకి అక్కడ అసలు ప్రతి ఉండదు కాబట్టి వాటిని మాత్రం అమ్మినవాళ్ళ దగ్గర తాజా జిప్ ఫైలు తీసుకుని పోల్చుకోవాలి. మా మేనకోడలు సర్వర్లోకి వెళ్ళి ఫైళ్ళ గుర్తులు అసలు ప్రతితో సరిపోయాయా అని చూసే వెరిఫై చెక్‌సమ్స్ అనే కమాండు ఒకటి వర్డ్‌ప్రెస్ కోర్‌కి, అంటే దాని సొంత ఫైళ్ళకి, ఒకటి ప్లగిన్లకి కొట్టింది. అన్నీ సరిపోయాయి. పట్టిన టైము రెండు నిమిషాలు. 18 వేలు మిగిలాయి.

కంచరపాలెం వెళ్ళాను. ఒక్కణ్ణే వెళ్ళాను, కమిటీ వాళ్ళని రమ్మంటే మోకాళ్ళ నొప్పులన్నారు. కుర్రాడి తల్లి తలుపు దగ్గరే నిలబెట్టి, "ఏటండీ బాబూ, మా వోడు ఏటి తీసేసినాడండీ మీ ఆఫీసులో?" అని అడిగింది. ఆవిడకి యూటీసీ గురించి ఏం చెప్పను? గడియారం తప్పు చదివామమ్మా, తప్పు మాదే అన్నాను. కుర్రాడు లోపల్నుంచి విన్నాడు, బయటికి రాలేదు. అందుకే సంపాదకుడు గారూ, అతని పేరు రాయకుండానే ఇక్కడ రాస్తున్నాను: ఆ రాత్రి మా సైటులో అతను చేసింది ఒక నోటీసు పెట్టడం, అదీ అచ్చుతప్పు లేకుండా.

ఇంతవరకే అయితే 'అలర్టులు చూసి కంగారు పడకండి' అని రాసి ముగించేవాణ్ణి. సంక్రాంతికి అదీ తప్పని తేలింది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రోజే మళ్ళీ మెయిలు వచ్చింది. ఈసారి మారినవి 0, తీసేసినవి 0, కొత్తగా చేరింది 1. 235 చూసి బెదిరి నవ్వులపాలైనవాణ్ణి, ఒకటి చూసి బెదురుతానా? అయినా బుద్ధి వచ్చింది కదా అని ఈసారి వరస చదివాను. అప్‌లోడ్స్ ఫోల్డరులో, 2023 ఆగస్టులో ఒక ఫైలు. అంటే మా జెండా పండగ ఫోటోలున్న చోటు. ఫైలు తారీకు చూస్తే అదీ 2023 ఆగస్టే. పాత ఫైలే, ఇప్పుడు చూసి లెక్కలో వేసుకుందేమో అనుకున్నాను. పైగా దాని పేరు ఇండెక్స్ లాగే ఉంది. అలాంటివి వర్డ్‌ప్రెస్‌లో మామూలే, ఫోల్డరు లోపలి జాబితా బయటికి కనిపించకుండా ఖాళీ ఇండెక్స్ ఫైళ్ళు పెడతారు, వాటిలో 'మౌనం బంగారం' అన్న ఇంగ్లీషు సామెత ఒక్క వరస ఉంటుంది. ఇదీ అలాంటిదేలే అని గారెలు తిని పడుకున్నాను.

నాలుగు రోజులు గడిచాయి. సీతమ్మధార నుంచి ఒక సభ్యుడు ఫోన్ చేసి మొహమాటపడుతూ అడిగారు. "ఏమండీ, మన సంఘం పేరు గూగుల్‌లో కొట్టి నొక్కితే పేకాట పేజీ వస్తోంది, నాకేనా?" నా కంప్యూటర్లో తెరిచాను. చక్కగా మా పేజీయే. ఇంకోసారి తెరిచాను, అదే. ఆయన ఫోన్ పాడైందని చెప్పాను. చూడండి, మళ్ళీ ఎదుటివాళ్ళ మీదికే తోశాను!

మేనకోడలు చెప్పాక తెలిసింది, ఇది వీళ్ళ మామూలు ఎత్తు. సైటు చూసుకునేవాడు నేరుగా అడ్రసు కొట్టి కంప్యూటర్లో తెరుస్తాడు, వాడికి అసలు పేజీ చూపిస్తారు. గూగుల్ మీదుగా, మొబైల్లో వచ్చినవాణ్ణి మాత్రం బెట్టింగు పేజీకి మళ్ళిస్తారు. నేను ఫోన్‌లో వైఫై తీసేసి, ఇన్‌కాగ్నిటో పెట్టి గూగుల్‌లో వెతికి నొక్కితే రంగుల చక్రం తిరుగుతూ వచ్చింది. జీవన ప్రమాణ పత్రం కోసం వెతికే ముసలివాళ్ళకి రమ్మీ.

ఆ ఒక్క ఫైలే దొంగ. ఫోటోలు పెట్టుకునే ఫోల్డరులో ఫోటోలుండాలి, పీడీఎఫ్‌లుండాలి. నడిచే ప్రోగ్రాము, అంటే చివర పీహెచ్‌పీ అని ఉన్న ఫైలు, అక్కడ ఉండటానికి చాలా అరుదుగా తప్ప కారణం ఉండదు. తారీకు? తారీకు ఎవరైనా మార్చొచ్చు. ఫైలు మీద పాత తేదీ వెయ్యడం ఒక కమాండు పని, పక్కనున్న ఫోటోల తారీకే వేసి వాటిలో కలిపేశాడు. అంటే డూప్లికేటు సీలు. నా సర్వీసులో డూప్లికేటు సీళ్ళ గురించి ఎన్ని కథలు విన్నానో! ప్లగిన్ పాపం సరిగ్గానే చెప్పింది, నిన్న లేనిది ఇవాళ ఉందని. నేనే దాని మాట కాదని తారీకు మాట నమ్మాను.

దొంగకి దారి ఎక్కడ దొరికిందో సర్వర్ లాగుల్లో, అంటే ఎవరెప్పుడు ఏ ఫైలు తెరిచారో సర్వర్ రాసుకునే చిట్టాల్లో, కనిపించింది. ఎప్పుడో వాడి ఆపేసిన ఫోటో గ్యాలరీ ప్లగిన్ ఒకటుంది. డీయాక్టివేట్ చేశాం కదా అని దాన్ని ఎవరూ అప్‌డేట్ చెయ్యలేదు, తీసెయ్యనూ లేదు. ఆపినా ఫైళ్ళు సర్వర్లోనే ఉంటాయి, లోపమున్న ఫైలు బయటినుంచి పిలిస్తే పలికేదైతే ఆపడం వల్ల ప్రయోజనం లేదు. వాడని తలుపుకి గడియ పెట్టామనుకున్నాం, గోడే లేదక్కడ.

ఫైలు తీసేస్తే మర్నాటికి మళ్ళీ వచ్చింది. ఇంకోచోట ఇంకో రూపంలో దాక్కుని ఉంది, సైటుకి వచ్చినవాళ్ళని ఎటు పంపాలో చెప్పే హెచ్‌టీయాక్సెస్ అనే ఫైల్లో కూడా నాలుగు వరసలు చేర్చారు, యూజర్ల జాబితాలో మాకు తెలియని అడ్మిన్ ఒకడు కూర్చున్నాడు. చివరికి డిసెంబరు బ్యాకప్ పెట్టి, దాని మీద వర్డ్‌ప్రెస్‌నీ ప్లగిన్లనీ తాజాగా వేసి, హోస్టింగు, డేటాబేసు, అందరి పాస్‌వర్డులూ మార్చి, కాన్ఫిగ్ ఫైల్లో ఉండే రహస్యపు తాళాల వరసలు కూడా మార్చింది మా పిల్ల. అవి మారిస్తే అప్పటిదాకా లోపలున్నవాళ్ళందరూ, దొంగతో సహా, బయటపడతారు. దొంగ వాడిన ఫైళ్ళనీ లాగుల్నీ తుడిచెయ్యకుండా విడిగా దాచమంది. రెండు రాత్రులు పట్టింది. ఇదీ, 18 వేలు అడగదగ్గ పని.

అప్పటినుంచి ఒక పుస్తకం పెట్టాను. రెండు రూళ్ళ మామూలు నోటుబుక్కు. సైటులో ఎవరు ఏం ముట్టుకున్నా తేదీ, టైము, ఏ ప్లగిన్, ఎందుకు అని రాయాలి. తనంతట తను అప్‌డేట్ అయితే వచ్చే మెయిల్ కూడా ఇప్పుడు నాకే వస్తోంది, అదీ ఎక్కిస్తాను. అలర్టు వస్తే పుస్తకం తీసి కలుపుకుంటాను. పర్మాలింకులు, అంటే పేజీల అడ్రసుల తీరు, మార్చిన రోజు హెచ్‌టీయాక్సెస్ మారిందని వస్తుంది, పుస్తకంలో ఉంటుంది, సరి. పేజీలు త్వరగా తెరుచుకునేలా నకళ్ళు దాచే క్యాష్ ప్లగిన్ ఆన్ చేస్తే అడ్వాన్స్‌డ్ క్యాష్ అని కొత్త ఫైలు పుడుతుంది, అదీ సరి. విండోస్ కంప్యూటర్లోంచి ఫైలు ఎక్కిస్తే ఒక్కోసారి వరసల చివర కంటికి కనపడని గుర్తు మారి, మాటలన్నీ అవే ఉన్నా హ్యాష్ మారుతుంది. ఇది కనిపెట్టడానికి నాకు గంట పట్టింది.

నవ్వొచ్చేది ఒకటి చెప్పాలి. రెండో రకం ప్లగిన్ కూడా ఒకటి పెట్టి చూశాం. మొదటి రోజే వర్డ్‌ప్రెస్ సొంత వెర్షన్ ఫైలు మారిపోయిందని అరిచింది. చూస్తే అసలులో లేని ఒకే ఒక్క వరస, ఈ ప్రతి తెలుగుది అని చెప్పే వరస. సైటు మొదట్లోనే తెలుగు ఎంచుకుని పెట్టారు గనక ఆ వరస వచ్చింది, అది ఇంగ్లీషు ప్రతితో పోల్చుకుని తేడా ఉందంది. తెలుగులో ఉండటమే అనుమానమైపోయింది!

మన ఊరికి డేటా సెంటర్లు వస్తున్నాయని, గూగుల్ 15 బిలియన్ డాలర్లు పెడుతోందని 2025 అక్టోబరు నుంచి చదువుతూనే ఉన్నాం. రానివ్వండి, సంతోషం. ఈలోగా ఈ ఊళ్ళో గుళ్ళకి, బడులకి, అపార్టుమెంట్లకి, మాలాంటి సంఘాలకి సైట్లు కట్టి ఇచ్చేవాళ్ళు అప్పగించేటప్పుడు ఒక కాగితం ఇస్తే చాలు. ఏ ప్లగిన్లు ఉన్నాయి, ఏవి వాటంతటవే మారతాయి, కబుర్లు ఏ మెయిలుకి వెళ్తాయి, టైము ఏ గడియారానిది, బ్యాకప్ ఎక్కడుంది. ఇల్లు కట్టి ఇచ్చే మేస్త్రీ కూడా నీళ్ళ వాల్వు ఎక్కడుందో చూపించి వెళ్తాడు. సైటులోకి చొరబడి కోడ్ చేర్చడం లాంటివి తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకి) చెప్పాలని కంపెనీలకి, ప్రభుత్వ ఆఫీసులకి 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ఉంది. ఎప్పుడు జరిగిందో, ఏం మారిందో రాసిపెట్టుకోనివాళ్ళు 6 గంటల్లో ఏం చెబుతారు? మీ పత్రికలో సైబర్ మోసాల వార్తలు రోజూ వస్తున్నాయి, మంచిదే. అన్నీ బ్యాంకు ఓటీపీల గురించే. వారానికొక్కసారి ఇలాంటివి కూడా, బొమ్మ వేసి, తెలుగులో వెయ్యండి.

ద్వారకానగర్ ఆయనకి ఇదంతా వివరంగా రాశాను. జవాబు లేదు. మోసగాడని నేననుకోను, జాబితా చదవలేదు, అంతే. నేనూ చదవలేదు కదా.

కుర్రాడు ఇంకా రాలేదు. తాళం బల్ల సొరుగులో ఉంది.

ఇంకొక్క సంగతి, ఇది తెలిసిన పాఠకులెవరైనా ఉంటే మీ పత్రిక ద్వారా చెప్పమని కోరుతున్నాను. సైటులో అడ్మిన్ ఈమెయిలు మార్చుకోగలిగాం గానీ, డొమైన్ పేరు, అంటే సైటు అడ్రసు, ఇంకా పాత కార్యదర్శి గారి పేరు మీదే ఉంది. ఆగస్టులో రెన్యూ చెయ్యాలి. చనిపోయినవారి పేరు మీదున్న డొమైన్ సంఘం పేరుకి మార్చాలంటే ఏ కాగితాలు కావాలి? ప్రస్తుతానికి ఓటీపీ ఆయన ఫోన్‌కే వెళ్తోంది. ఆయన శ్రీమతి గారు ఆ ఫోన్ రోజూ ఛార్జింగులో పెడుతున్నారు, నెలనెలా రీఛార్జి చేయిస్తున్నారు. నేను ఫోన్ చేస్తే కళ్ళజోడు వెతుక్కుని, ఆరు అంకెలూ నెమ్మదిగా చదివి చెబుతారు.

ఇట్లు,
ఒక పెద్దల సంఘం కార్యదర్శి,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం.